లిఫ్టు మేస్త్రికి లోడు పరీక్ష

లిఫ్టు మేస్త్రికి కోపం వస్తే అరవడు. చేతికందిన స్పానరు తీసుకుని గుడ్డతో తుడుస్తాడు. ఆ మంగళవారం ఆసుపత్రి నుంచి వచ్చి, వంటింటి గడప దగ్గర చతికిలబడి, ఒకే స్పానరును ముప్పావుగంట తుడిచాడు.

అంతా బావమరిది నోటి చలవ. ఇద్దరూ ఇరవయ్యారేళ్ళుగా జోడీ. ఊళ్ళో సగం అపార్ట్‌మెంట్ల లిఫ్టులు వాళ్ళ చేతుల్లోనే ఉన్నాయి. లిఫ్టు పై అంతస్తు దాకానే పోతుంది. దాన్ని లాగే మోటారు ఇంకా పైన, డాబా మీది గదిలో ఉంటుంది. అక్కడికి మెట్లే గతి. వాళ్ళు ఎక్కువగా వెళ్ళే భవనంలో ఆ మెట్లు పద్దెనిమిది. నాలుగు నెలలుగా మేస్త్రి తొమ్మిదో మెట్టు మీద ఆగిపోతున్నాడు. కమ్మీ పట్టుకుని, తల ఓ పక్కకు వంచి, ‘ఉండరా, మోటారు చప్పుడు వింటున్నా’ అంటాడు. బావమరిదీ పాపం నమ్మాడు. ఒకరోజు కరెంటు పోయింది. మోటారు చచ్చినట్టు పడి ఉంది. అయినా బావ తొమ్మిదో మెట్టు మీద ఆగి, తల వంచి, శ్రద్ధగా దాని చప్పుడు విన్నాడు. బావమరిది ఆ సాయంత్రమే వచ్చి అక్క చెవిన వేశాడు.

ఆమె ఇంట్లోనే స్కూలు పిల్లల యూనిఫాంలు కుడుతుంది. సంగతి విన్నాక మిషను మీద ఉన్న నిక్కరు పూర్తి చేసి, దారం తెంపి, మర్నాడు పొద్దున్నే మొగుణ్ణి గుండె డాక్టరు ముందు కూర్చోబెట్టి, మెట్ల సంగతి చెప్పింది. డాక్టరమ్మ పడుకోబెట్టి ఈసీజీ తీసింది. గీతలు బాగానే ఉన్నాయి గానీ ఇది చాలదు, ట్రెడ్‌మిల్ మీద నడిపించి గుండె ఎలా కొట్టుకుంటుందో చూడాలంది. ఇదంతా రెండు నిమిషాల్లో చెప్పి ఓ కాగితం చేతిలో పెట్టింది. పరీక్షలో చాలా అరుదుగా గుండెపోటు రావచ్చు, ప్రాణం కూడా పోవచ్చు, తెలిసే ఒప్పుకుంటున్నాను అని అందులో ఉంది. కింద సంతకానికి గీత. మేస్త్రి కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకుని లేచి వచ్చేశాడు.

పరీక్ష చేసేది వాళ్ళు, సంతకం నాదా అన్నది ఆయన మంట. ఆయన పనిలో పరీక్ష చేసినవాడే సంతకం పెడతాడు. మోయాల్సిన దానికంటే పావు వంతు ఎక్కువగా ఇనుప దిమ్మలు పేర్చి, లిఫ్టును పైకీ కిందకీ తిప్పి, అప్పుడు పుస్తకంలో తన పేరు రాస్తాడు. ఆ తర్వాత అందరికంటే ముందు తానొక్కడే ఎక్కి తిరుగుతాడు. రేపు ఏదైనా అయితే ఆ పేరే మెడకు చుట్టుకుంటుంది. అంతేగానీ, తెగిపడితే నా పూచీ అని లిఫ్టు చేత ముందే వేలిముద్ర వేయించుకుంటామా అని గడపను అడిగాడు, స్పానరును అడిగాడు. భార్య మిషను ఆపలేదు.

ఆ కోపం కింద ఇంకొకటి ఉంది, అది ఎవరికీ చెప్పలేదు. టీ కొట్టు దగ్గర ఎవరో అంటుంటే విన్నాడు. ఒకాయన నవ్వుతూ ఆ ట్రెడ్‌మిల్ ఎక్కాడట, దింపేటప్పుడు స్ట్రెచర్ మీద దింపారట. ఆ మాట విన్నాక మేస్త్రి సగం టీ వదిలేశాడు.

రెండు రోజులు ఆమె అన్నం పెట్టింది, నీళ్ళు పెట్టింది, మిషను తొక్కింది. మూడో రోజు పొద్దున తమ్ముణ్ణి పిలిపించి, ముగ్గురం కలిసి వెళ్తున్నాం, చొక్కా వేసుకోండి అంది. మేస్త్రి వేసుకున్నాడు. మనసులో ఒక ఎత్తు వేసుకునే వెళ్ళాడు.

ఆ ఎత్తు సంగతి తెలియాలంటే ఫ్లాట్ల సెక్రటరీ గొడవ చెప్పాలి. చుట్టాలందరికీ అది కంఠతా వచ్చు, మేస్త్రి అన్నిసార్లు చెప్పాడు. పోయినేడు ఒక సెక్రటరీ, దిమ్మలు మోయించడం ఎందుకని, ‘ఖాళీగా తిప్పి చూశారుగా, బాగానే ఉంది కదండీ, సంతకం పెట్టెయ్యండి’ అన్నాడు. మేస్త్రి ఆ పుస్తకాన్ని ఆయన ఒళ్ళోనే పడేసి, ‘ఖాళీ లిఫ్టులన్నీ బాగానే ఉంటాయండీ, బరువెత్తినప్పుడు చూడాలి’ అని వచ్చేశాడు. సెక్రటరీ దిగివచ్చి దిమ్మలు తెప్పించేదాకా ఆ గేటు తొక్కలేదు.

ఇప్పుడు డాక్టరమ్మ గదిలో మేస్త్రి కుర్చీ అంచున కూర్చుని, గుండె బాగుందని రాయించుకుందామని గొంతు మెత్తగా చేసి అన్నాడు.

“పడుకోబెట్టి చూశారుగా, బాగానే ఉంది కదండీ. సంతకం పెట్టెయ్యండి.”

వెనకాల బావమరిదికి దగ్గొచ్చింది. భార్య మొగుడి వైపు చూడలేదు. డాక్టరమ్మతోనే చెప్పింది.

“ఖాళీ లిఫ్టులన్నీ బాగానే ఉంటాయండీ.”

డాక్టరమ్మకు అర్థం కాలేదు. మేస్త్రికి చెవులు కాలిపోయాయి. భార్య మీద కాదు, ఆ సెక్రటరీ మీద వచ్చింది కోపం. ఎప్పుడొచ్చి తన నోట్లో కూర్చున్నాడో వెధవ. జేబులోంచి కాగితం తీసి, మడతలు విప్పి, వరస వరసకూ ప్రశ్న వేశాడు. నడిచేటప్పుడు పక్కన ఎవరుంటారు? గుండె ఆగితే ఏం చేస్తారు? ఆ చేసే సామాను ఎన్ని అడుగుల దూరంలో ఉంది? మొన్న ఇవన్నీ ఎందుకు చెప్పలేదు? ఆ చివరి ప్రశ్నకు డాక్టరమ్మ తల దించుకుంది. మొన్న జనం ఎక్కువగా ఉన్నారు, చెప్పాల్సిందే అంది. తర్వాత ఆవిడకూ కాస్త కోపం వచ్చింది.

“మీరు నాలుగు నెలలుగా రోజూ ఈ పరీక్ష చేసుకుంటూనే ఉన్నారు పెద్దాయనా, ఆ మెట్ల మీద. అక్కడ తీగలూ లేవు, మందులూ లేవు, నేనూ లేను.”

మేస్త్రి సంతకం పెట్టాడు. కలం కాగితంలోకి దిగేలా పెట్టాడు.

ఛాతీ మీద వెంట్రుకలు గొరిగి తీగలు అంటించారు. ఇది చెప్పలేదేం అని దానికీ గొణిగాడు. కానీ మిషను ఎక్కమంటే ఎక్కలేదు. ఆపే బటన్ ఏదని అడిగాడు. పరీక్ష చేసే ఆవిడ ఎర్రది చూపించింది. ముందు ఖాళీగా తిప్పి, అది నొక్కి చూపించమన్నాడు. పదేళ్ళలో ఎవరూ ఇలా అడగలేదని ఆవిడ మొహం ముడుచుకుంది. పట్టీ తిరిగింది, నొక్కితే ఆగింది. మళ్ళీ అన్నాడు. మళ్ళీ ఆగింది. అప్పుడు చెప్పులు విడిచాడు.

మొదటి వాలు నడిచాడు. రెండోదీ నడిచాడు. మూడోసారి పట్టీ ముందువైపు లేచేసరికి, తెలిసిన పిడికిలే వచ్చి రొమ్ములో బిగిసింది. దవడ దాకా లాగింది. కమ్మీ మీద చెయ్యి బిగుసుకుంది. తల దానంతటదే ఓ పక్కకు వంగింది.

“ఎలా ఉంది బాబాయ్ గారూ?” అందావిడ.

“ఏం లేదమ్మా, మోటారు చప్పుడు...” అని ఆగిపోయాడు. అద్దం తలుపు అవతల భార్య నిలబడి ఆ వంగిన తలనే చూస్తోంది.

“ఆపమ్మా,” అన్నాడు. “నొప్పి వస్తోంది. నాలుగు నెలలుగా వస్తోంది.”

పట్టీ నెమ్మదించి ఆగింది. డాక్టరమ్మ గీతలు చూసి, నాలిక కింద మాత్ర పెట్టించి, గంటసేపు పడుకోబెట్టింది. గుండెకు రక్తం సరిగా అందడం లేదని, ఎల్లుండే వచ్చి చేరాలని, రక్తనాళం ఎక్కడ మూసుకుందో లోపలికి చూస్తామని, ఈసారి కుర్చీ లాక్కుని కూర్చుని, పావుగంట విడమరిచి చెప్పింది. అప్పటిదాకా మెట్ల ఊసే ఎత్తొద్దంది.

కిందికి దిగుతుంటే ఆసుపత్రి లిఫ్టు నేలకు రెండు అంగుళాల కిందే ఆగింది. ఎదురుగా చక్రాల కుర్చీలో ఒక ముసలావిడ. ఆ కుర్చీ ఇందులోకి ఎలా దిగుతుంది? మేస్త్రి మొహం ఎర్రబడింది. ఇంతమంది రోగులు తిరిగే చోట ఇదేం నిర్వాకం అని అక్కడున్న గార్డును నిలదీసి, మోటారు గది తాళం తెప్పించి, మెట్ల వైపు ఒక అడుగు వేశాడు. వెనక నుంచి భార్య చొక్కా పట్టుకుంది.

మేస్త్రి నిలబడ్డాడు. తాళంచెవి కాసేపు అరచేతిలో తిప్పాడు. తర్వాత బావమరిది చేతిలో పెట్టాడు.

“నువ్వెళ్ళు. బ్రేకు చూడు, అరిగి ఉంటుంది. తొమ్మిదో మెట్టు దగ్గర ఆగావంటే మాత్రం మీ అక్కకు చెప్తా.”

తాను ముసలావిడ పక్కన బెంచీ మీద కూలబడ్డాడు. ఎన్నాళ్ళ నుంచి ఇలా ఉందండీ ఇది, ఎవరికీ చెప్పలేదా అని ఆవిణ్ణి అడిగాడు. భార్య ఆయన వైపు ఓ చూపు చూసి, పక్కనే కూర్చుంది.