రంగు మీద అతికించిన అద్దం

నా చిన్నప్పుడు అద్దం కనపడితే చాలు, ఊళ్లో వాళ్ల మొహాలన్నీ నా మొహంలోనే చూపించేవాణ్ణి. మా నాన్న మాచర్లలో ఒక పత్తి జిన్నింగు మిల్లు షావుకారు దగ్గర కారు డ్రైవరు. ఆదివారం మిల్లు సెలవు కాబట్టి కారు మా ఇంటి ముందే ఉండేది, నాన్న ఇంట్లో పొద్దుగూకేదాకా నిద్రపోయేవాడు. వారమంతా అలిసిన మనిషి. అట్లాంటి ఒక ఆదివారం, కారు తలుపుకి కాడతో బిగించిన అద్దంలో చూసుకుంటా షావుకారు మీసం దువ్వుకునే తీరు చేసి చూపిస్తున్నా. చూసేది రెండు మేకపిల్లలు. వాటికి ఇంకాస్త బాగా చూపిద్దామని అద్దం పట్టుకొని వేలాడా. కాడతో సహా ఊడి చేతిలోకొచ్చింది.

నా నవ్వు అక్కడే ఎండిపోయింది. అంతకు ముందున్న డ్రైవరు కారుకి చిన్న గీత పెట్టాడని అతన్ని మానిపించి షావుకారు మా నాన్నని పెట్టుకున్నాడు. ఆ సంగతి మా అమ్మ రోజుకోసారన్నా గుర్తుచేసేది.

పక్కింటి మావ కార్ల మెకానిక్కు. పని ఎక్కువైతే ఇంటి అరుగు మీద కూడా చేసుకునేవాడు. ఆయన మధ్యాహ్నం నమాజుకి పోయింది చూసి, అరుగు మీదున్న రెండు ట్యూబుల బంక తెచ్చా. సగం ఇది, సగం అది కలపాలని నాకు తెలుసు. తలుపు మీద నల్లరంగు నిగనిగలాడతా ఉంది. దాన్ని చొక్కాతో ముద్దుగా తుడిచి, బంక పూసి, అద్దం నిలబెట్టి, తాడుతో కట్టా. సాయంత్రానికి గట్టిపడింది. తాడు విప్పితే ఏమీ జరగనట్టే ఉంది. నా తెలివికి నేనే మురిసిపోయా.

తిరిగొచ్చిన మావ నలిగిన ట్యూబులు చూశాడు, కారు చూశాడు, నన్ను చూశాడు. తిట్టలేదు. పుస్తకాల సంచి తెచ్చి అద్దానికి తగిలించమన్నాడు. సంచిలో ఉన్నది ఒక పలక, రెండు పుస్తకాలు. నా చదువు బరువు మొత్తం అంతే. ఆ బరువుకే అద్దం ఊడింది. మావ ముందే కింద చెయ్యి పెట్టి ఉన్నాడు కాబట్టి పగల్లేదు.

కాడ తిప్పి చూపించాడు. బంక రాయిలా కాడనే పట్టుకొని ఉంది. దాని మీద నల్లరంగు పెచ్చు.

"బంక దేన్నీ వదల్లేదురా. నువ్వు ఇనుముకి అతికించలా, రంగుకి అతికించావు. రంగే ఇనుముని వదిలేసింది."

బోల్టు బెజ్జాలు తుప్పు తిన్నాయనీ, వెల్డింగు పెడితే తలుపు రంగంతా మాడుద్దనీ, కాబట్టి బంకే దారి అనీ చెప్పి, గరుకు కాయితం చేతిలో పెట్టాడు. ఇనుము తెల్లగా కనపడేదాకా గీకమన్నాడు. గీకితే నాన్నకి కనపడుద్ది మావా అన్నా.

"కనపడుద్ది. కనపడకుండా అతికిస్తే సాగర్ రోడ్డు మీద ఊడుద్ది. అప్పుడు స్టీరింగు పట్టుకొని ఉండేది మీ నాన్న."

గీకా. వేళ్ల చివర్లు మండినాయి. మావ పెట్రోలు గుడ్డతో తుడిచి, బంక పెట్టి, సైకిలు ట్యూబు ముక్కతో బిగించి కట్టాడు. కాడ చుట్టూ వేలెడు మేర ఇనుము బయటికే ఉంది. అక్కడ కాస్త నల్లరంగు పూద్దామని నేనంటే వద్దన్నాడు. ముందు నాన్నకి చెప్పు, తర్వాత చూద్దాం అన్నాడు.

నాన్న లేచి అడక్కముందే చెప్పేశా. కొట్టలేదు. కొట్టే ఓపిక లేదేమో. మర్నాడు నన్ను షావుకారి ముందు నిలబెట్టాడు. అక్కడా నేనే చెప్పుకున్నా. షావుకారు అద్దాన్ని రెండుసార్లు గుంజి చూశాడు. కదల్లేదు. వంగి అందులో మీసం దువ్వుకున్నాడు, అచ్చం నేను చేసినట్టే. కారెక్కాడు. నాకు నవ్వు రాలేదు. నాన్న ఉద్యోగం నిలబడింది.

ఇప్పుడు అరవై దాటినాయి. ఏ గొడవైనా రెండు జోకులు పూసి కప్పేయటం నాకు బాగా అలవాటు. గొడవపడి ఏళ్ల తరబడి నాతో మాటల్లేని మా తమ్ముడు మొన్న ఇంటికొచ్చాడు. జోకు నోటిదాకా వచ్చింది. ఆపుకొని, మా గొడవలో తప్పు నాదేనని ముందు నేనే ఎత్తా. వాడూ తన మాట చెప్పాడు. టీ చల్లారిపోయింది. ఇద్దరం చానా అలిసిపోయాం. అతికిందో లేదో ఇంకా తెలియదు. ఇనుము దాకా మాత్రం వచ్చాం.