యాభై మూడో అంకె

క్రిసాంతా ఎవరినీ ఊరికే నమ్మే మనిషి కాదు. బస్టాండు ఎదుట గోర్దీతాలనే కూరు రొట్టెలు కాల్చి అమ్ముకునే ఆడమనిషికి నమ్మకం గిట్టుబాటు కాదు. ముప్పాతిక వంతు తిన్నాక లోపలి చిక్కుడు ముద్ద పులిసిందని గోల చేసేవాళ్ళను, చిల్లర తెస్తామని వెళ్ళి బస్సెక్కేవాళ్ళను ఆమె ముప్పై ఏళ్ళుగా చూస్తోంది. అలాంటిది, ఊరు మొత్తంలో నబోర్‌ని మాత్రం కళ్ళు మూసుకుని నమ్మింది. అతను రేడియోలు బాగుచేస్తాడు. ఆమె కొడుక్కి బాప్తిస్మం నాడు నిలబడిన జ్ఞానతండ్రి. ఎనిమిదేళ్ళుగా ప్రతి ఆదివారం, చర్చిలో పూజ అవగానే, ఇద్దరూ నేలలో లోహాన్ని పసిగట్టే యంత్రం చెరొకటి పట్టుకుని తిరునాళ్ళ మైదానంలో పాత నాణేలు వెతుకుతారు.

ఆ మైదానం అంత చెత్త నేల ఇంకొకటి లేదు. తాతల కాలం నుంచి తాగినవాళ్ళ జేబుల్లోంచి వెండి పేసోలు అక్కడే రాలాయి. వాటి మీద బీరు సీసాల మూతలు, డబ్బాల రింగులు, సిగరెట్ పెట్టెల్లో వెండికాగితం, గుడారాల మేకులు పేరుకున్నాయి. కొత్తవాడు యంత్రం ఆన్ చేస్తే అది గుక్క తిప్పుకోకుండా మొత్తుకుంటుంది.

అందులో నాణేన్ని వినడం ఆమెకు నేర్పింది నబోరే. శక్తి తగ్గించమన్నాడు. పెంచితే యంత్రం అన్నిటినీ ఒకేసారి విని దేన్నీ సరిగ్గా చెప్పదట. యంత్రం అడుగున ఉండే పెద్ద చక్రం విప్పి అరచేతి వెడల్పుది బిగించాడు. తెర మీద అంకె గెంతుతూ ఉంటే సీసా మూత, నిలకడగా ఉంటే నాణెం, ఎనభై దాటి నిలిస్తే వెండి. మేకుల అంకెలు మూసేశాడు. యాభై నుంచి యాభై అయిదు దాకా డబ్బా రింగులని చెప్పి అవీ మూసేశాడు. మూసిన అంకె తగిలితే యంత్రం నోరెత్తదు.

ఆమెకు వెండి మీద ఆశ లేదు. ఆమె వెతికేది ఒక్కటే, రెండున్నర పేసోల బంగారు నాణెం, మీద చిన్న కొక్కెం అతికించినది. అమ్మమ్మ అలాంటివి రెండు చేయించి ఇద్దరు మనవరాళ్ళకూ మెడలో వేసింది. పదిహేడో ఏట తిరునాళ్ళలో నాట్యం చేస్తుండగా క్రిసాంతా నాణెం గొలుసు తెగి పడిపోయింది. అమ్మ నమ్మలేదు. ఏ కుర్రాడికి ఇచ్చావే అని అడిగింది, అడుగుతూనే కన్నుమూసింది. ఆ ప్రశ్న అక్క పెత్రొనీలాకి ఆస్తిలా దక్కింది. నలభై మూడేళ్ళు గడిచాయి. ఇప్పటికీ చెల్లెలు గడప తొక్కగానే అక్క ముందు ట్రంకుపెట్టెకు తాళం వేసి, తరవాతే కూర్చోమంటుంది. ఆ నాణేన్ని మట్టితో సహా తెచ్చి అక్క ఒళ్ళో పడేయాలన్నదే క్రిసాంతా పట్టుదల. ఇదంతా నబోర్‌కి తెలుసు. బంగారం కూడా వెండిలాగే పైఅంకెల్లో పలుకుతుందని చెప్పింది అతనే.

మొన్న గురువారం ఫ్రెస్నియో ఊరి మనిషొకడు ఆమె దగ్గర తింటూ, బల్ల కింద యంత్రం చూసి ముచ్చటపడ్డాడు. తనూ వెతుకుతాడట. మీట నొక్కి మూసిన అంకెలు చూడగానే నవ్వేశాడు.

"రింగులు మూసేశావేంటమ్మా? చిన్న బంగారు నాణేలు పలికేది సరిగ్గా అక్కడే. బంగారం కావాలంటే రింగులన్నీ తవ్వుకోవాల్సిందే."

మూయడం, తెరవడం ఎలాగో అతనే చూపించి వెళ్ళాడు. క్రిసాంతాకి ఆ పూట పెనం మీద రొట్టె మాడింది. నబోర్ ఎప్పుడూ తన వెనకే నడుస్తాడు. నువ్వు వదిలేసినవి నేను చూస్తాలే అంటాడు. నిరుడు నబోర్ వాళ్ళింటికి కొత్త పైకప్పు పడింది. ఇన్నాళ్ళూ ఎంత వెర్రిదాన్నయ్యానని ఆమెకు ఒళ్ళు మండిపోయింది.

అయినా పరీక్షించకుండా నింద వేయకూడదనుకుంది. నింద మోయడం ఎలా ఉంటుందో ఆమెకు తెలుసు. సాయంత్రం యంత్రం తీసుకుని అక్క ఇంటికి వెళ్ళి, తాళం వేసి వచ్చి కూర్చున్న పెత్రొనీలా మెడ దగ్గర చక్రం ఊపింది. అక్క మెడలో రెండో నాణెం వేలాడుతోంది. యంత్రం కిక్కురుమనలేదు. అంకెలు తెరిచి మళ్ళీ ఊపింది. యాభై మూడు అని చక్కగా పలికింది.

"ఇదీ కావాలా నీకు?" అంది పెత్రొనీలా, నాణేన్ని గుప్పిట్లో దాచుకుంటూ. క్రిసాంతా యంత్రం చంకన పెట్టుకుని వచ్చేసింది.

ఆదివారం మైదానంలో ఆమె అంకెలన్నీ తెరిచి నడిచింది. మోకాళ్ళు పట్టేసేదాకా తవ్వితే అన్నీ రింగులే. వెనక నబోర్ ఈల ఆగిపోయింది. ఎందుకమ్మా ఆ చెత్తంతా తవ్వడం, నడుము పోతుంది అన్నాడు. ఆమె అతని చేతిలోంచి యంత్రం లాక్కుని మీట నొక్కింది.

అతని యంత్రంలోనూ యాభై నుంచి యాభై అయిదు దాకా మూసే ఉన్నాయి.

అంటే ఇతను తన వెనక బంగారం ఏరుకోలేదు. ఒక్క క్షణం ఆమెకు ప్రాణం కుదుటపడింది. మరుక్షణమే అనుమానం అటునుంచి ఇటు తిరిగింది. ఏరుకునేవాడైతే తెరిచి పెట్టుకునేవాడు. ఏరుకోనివాడు అబద్ధం చెప్పి మరీ తన చెవులు ఎందుకు మూశాడు?

"అన్నా, నేను దేనికోసం తిరుగుతున్నానో తెలిసి, దాని అంకే మూశావు. ఎందుకు?"

నబోర్ టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

"అది ఇక్కడ లేదు, చెల్లెమ్మా."

"లేదని నీకెలా తెలుసు?"

అప్పుడు చెప్పాడు. ఆ ఏడు నాట్యం జరిగే చోట బెంచీ కింద మెరుస్తుంటే తీశాడట. ఎవరిదో తెలుసు. తెలిసే రియో గ్రాందే ఊళ్ళో అమ్మి, రేడియో పనిముట్లు కొనుక్కున్నాడు. తరవాత చెప్పడానికి నోరు రాలేదు. ఆమె యంత్రం కొంటానన్నప్పుడు, లేనిదానికోసం వేల రింగులు తవ్వుతూ నడుము విరగ్గొట్టుకుంటుందేమోనని భయపడ్డాడు. అందుకే మూశాడు.

క్రిసాంతాకి కోపం వచ్చింది. ఎంత వచ్చిందంటే చేతిలో పార ఎత్తింది కూడా. కానీ ఆ కోపం అడుగున సంతోషం లాంటిదేదో తొంగి చూసింది. నాణెం లేకపోతే పోయింది, సాక్షి దొరికాడు. అతను ఏడుస్తున్నా వినకుండా చొక్కా చెయ్యి పట్టుకుని సరాసరి అక్క ఇంటికి లాక్కెళ్ళింది.

పెత్రొనీలా గుమ్మంలో చిక్కుళ్ళు ఒలుస్తోంది. నబోర్ నిలబడే అంతా చెప్పాడు, బెంచీ, రియో గ్రాందే, పనిముట్లు, ఒక్కటీ దాచకుండా. ఆమె చివరిదాకా వింది. అతన్ని చూసింది, చెల్లెల్ని చూసింది, ఆ చొక్కా చెయ్యి ఇంకా వదలని చెల్లెలి వేళ్ళను చూసింది.

"వీడా?" అంది. "నువ్వు ఇచ్చావని నాకెప్పుడూ తెలుసు. ఎవడికన్నదే తెలీక ఇన్నేళ్ళు చచ్చాను."

ఇవ్వలేదు, నేనే తీశానని నబోర్ ఒట్టేసి మొత్తుకున్నాడు. అతను ఎంత గట్టిగా చెబితే ఆమె అంత నెమ్మదిగా తలాడించింది. చెల్లెలు తన కొడుక్కి జ్ఞానతండ్రిగా కూడా వీణ్ణే నిలబెట్టుకుందని గుర్తుచేసింది. తరవాత చిక్కుళ్ళ చాట పక్కన పెట్టి లేచి, గోడ మీద అమ్మ ఫొటో దగ్గరికి వెళ్ళింది.

"అమ్మా, ఇవాళ వాడి పేరు చెప్పింది," అని, ట్రంకుపెట్టె తాళం పడిందో లేదో ఒకసారి లాగి చూసుకుంది.