గట్టు గోడ మట్టి

మాంసం కొట్టులో ఆమె ఎముక మీద కత్తి వేస్తే రెండో దెబ్బ అవసరం ఉండేది కాదు. పాతికేళ్లుగా అదే మొద్దు, అదే కత్తి. చిన్నాపెద్దా అందరూ ఆమెను అక్కా అనే పిలుస్తారు. సొంత తమ్ముడు మాత్రం మూడేళ్ల కిందట కాలవ గట్టు మీద తల పగిలి చచ్చిపోయాడు.

గట్టు మట్టి ఎవరు తవ్వుకోవాలన్న దాని మీద రెండు వీధులూ ఇనుప గొట్టాలతో కొట్టుకున్న రోజది. నలుగురికి కాళ్లు విరిగాయి. ఒకడికి కన్ను పోయింది. తమ్ముడి నెత్తి మీద గొట్టం దింపింది ఎదుటి వీధి లారీ డ్రైవరు. రెండేళ్లు జైల్లో ఉండి వచ్చాడు. ఈలోగా యంత్రాలు వచ్చి గట్టంతా తవ్వుకుపోయాయి. దాని స్థానంలో కాంక్రీటు గోడ లేచింది. గట్టు బొరియల్లో కాపురమున్న పిట్టలు రోజుల తరబడి అక్కడే తిరిగి, గోడకు కొట్టుకుని కుప్పలుగా చచ్చాయి. వాటిని ఊడ్చి పోసిందీ ఆ రెండు వీధుల వాళ్లే.

ఊడ్చిన రోజే కుమ్మరి పెద్దమ్మ నోరు విప్పింది. "మనం కొట్టుకోబట్టే పిట్టల కొంపలు కూలాయి. కట్టాల్సిందీ మనమే." గోడ పొడవునా మట్టి గూళ్లు పెట్టాలంది. గూటి చుట్టూ ఆకులు చెక్కినా, తీగలు చెక్కినా చేసినవాళ్ల ఇష్టం. ఆమె షరతు ఒక్కటే: ఎవరి మట్టి వాళ్లు పిసుక్కోకూడదు. ఈ వీధి మనిషికి ఆ వీధి మనిషి పిసికివ్వాలి. జతలు చీటీలు వేసి తేల్చింది.

అక్కకు లారీ డ్రైవరు పడ్డాడు.

"మార్చు పెద్దమ్మా."

"నీకు మారిస్తే అందరికీ మార్చాలి. ఇష్టం లేకపోతే పోయి ఎముకలు కొట్టుకో."

అక్క పోలేదు. ముద్ద ఎత్తి పలక మీద బాదింది. మట్టిలో గాలి పోవాలంటే బాదాలి. ఆ బాదుడుకు పక్కనున్న టైలరు జరిగి కూర్చున్నాడు. "అక్కా, అది మట్టి. మేక కాదు."

అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు. ఆ ముద్దలో ఆమెకు డ్రైవరు తలకాయ కనిపిస్తోంది. సాయంత్రానికి భుజాలు లాగేసేవి. పడుకోగానే, మూడేళ్లలో మొదటిసారిగా, నిద్ర పట్టేది. పొద్దున లేచాక అలా నిద్రపోయినందుకే సిగ్గేసేది. పగ చల్లారిపోతోందేమోనని భయం. అది కూడా పోతే తమ్ముడి గుర్తుగా తన దగ్గర ఇంకేం మిగులుతుంది?

అందుకే నాలుగో వారం కాలవలోంచి మూడు గులకరాళ్లు ఏరి, డ్రైవరుకిచ్చే ముద్దలో కుక్కింది. వాడి గూడు పగలాలి. అంతే.

ఆమెకు నరకడం తెలుసు, గులకరాయి బట్టీలో పేలుతుందని తెలియదు. ముప్పై ఎనిమిది గూళ్లు ఒకదానికొకటి ఆనించి పేర్చి కాలుస్తున్నారు. మధ్యాహ్నం లోపల తుపాకీ పేలినట్టు చప్పుడైంది. వెంటనే ఇంకొకటి. మూడో దెబ్బకు బట్టీ పక్కగోడ పిగిలిపోయి, ఎర్రగా కాలిన పెంకులు మనుషుల మీదకు ఎగిరాయి. టైలరు చెవి తెగింది. పెద్దమ్మ చెయ్యి మోచేతి దాకా కాలింది. ఒక్క గూడూ మిగల్లేదు.

రాళ్లు దొరికింది డ్రైవరు గూటి పెంకుల్లో. పిసికింది అక్క అని అందరికీ తెలుసు, కానీ తమ్ముణ్ణి పోగొట్టుకున్న మనిషిని అనుమానించడానికి ఎవరికీ మనసు రాలేదు.

"నువ్వే పెట్టావురా! జైల్లో ఇదేనా నేర్చుకొచ్చింది?" అంటూ ఒకడు డ్రైవరు మెడ పట్టాడు. కన్ను పోయినవాడు పార తిరగేసి భుజం మీద కొట్టాడు. డ్రైవరు చేతులు అడ్డం పెట్టుకోలేదు. మోకాళ్ల మీద కూలబడ్డాడు. ముక్కులోంచి నెత్తురు కారుతోంది.

పార మళ్లీ లేచింది. ఈసారి తల మీదకి. మూడేళ్లుగా ఆమె చూడాలనుకున్నది ఈ దెబ్బనే. అయినా కాళ్లు ఆగలేదు. పరుగున వెళ్లి మధ్యలో పడింది.

"ఆపండ్రా! రాళ్లు పెట్టింది నేను!"

దిగుతున్న పార ఆగలేదు. ఆమె కుడి ముంజేతి ఎముక విరిగింది. ఆ చప్పుడు ఆమె రోజూ వినేదే.

పెద్దమ్మ కాలిన చేతిని నీళ్ల బకెట్లో ముంచి డ్రైవరు వైపు తిరిగింది. "గూడు చేసేటప్పుడు రాళ్లు వేలికి తగల్లేదా నీకు?"

"తగిలాయి."

"మరి తీసి పారెయ్యలేదేం?"

"నా గూడొక్కటే పోతుందనుకున్నా. అక్కకి ఆ మాత్రం హక్కుందిగా."

"నన్ను అక్కా అనకు," అంది ఆమె, చెయ్యి పొట్టకు అదుముకుని.

"ఇద్దరూ ఇద్దరే!" పెద్దమ్మ విరుచుకుపడింది. "ముప్పై ఎనిమిది సంసారాలు బుగ్గి చేశారు కదా!"

పది రోజుల తర్వాత గూళ్ల పని మళ్లీ మొదలైంది. అక్క చేతికి కట్టుతో వచ్చి కూర్చుంది. ఆ చేత్తో కత్తి పట్టే వీల్లేదు, మట్టి పిసికే వీల్లేదు. డ్రైవరు ముద్ద తెచ్చి ఆమె ముందు పెట్టాడు. అడక్కుండానే ఇనుప తీగతో నాలుగు చోట్ల కోసి, ముక్కలు విప్పి చూపించాడు. లోపల మట్టే ఉంది.

"ఇంకోసారి కొయ్యి."

కోశాడు. ముక్కల్ని మళ్లీ కలిపి అదిమి వెనక్కి జరిగాడు. ఆమె ఎడమ చేతి బొటనవేలు దింపి గూటికి కన్నం తొలిచింది. పిట్ట లోపలికి పోయి వెనక్కి తిరగడానికి ఎంత చోటు కావాలో అంత లోతుకు తొలిచింది.