ఓడిన బొమ్మ ముఖం

క్యోటోలోని ఆ వీడియో గేముల ఆఫీసులో కురమోచి పని ఒక్కటే: ఆఖరి ప్రాణం పోయిన బొమ్మ ఎలా పడాలో గీయడం. గళ్ల కాగితానికి ముక్కు ఆనించి ఒక్కో గడికీ రంగు పూస్తాడు. మధ్యలో కుర్చీలోంచి లేచి, చేతులు చాచి, నోరు తెరిచి, తనే ఓసారి పడబోయి చూసుకుంటాడు. పక్కవాళ్లు తలైనా ఎత్తరు; అలవాటైపోయింది. బొమ్మ పైకెగిరి, ఆడేవాళ్లకేసి ముఖం తిప్పి, అలా చూస్తూనే తెర కిందికి జారిపోవాలి. మళ్లీ మీట నొక్కేదాకా ఏడుపు పాట తిరుగుతూనే ఉండాలి.

ఆదివారం ఇంట్లో వాళ్లమ్మ ఆ గేము ఆడింది. మొదటి గోతిలోనే మూడు ప్రాణాలూ పోయాయి.

“పడేటప్పుడు నన్నే చూస్తున్నాడ్రా! అటు తిప్పెయ్యకూడదూ?”

“తిప్పి చూశానమ్మా. మా ఆఫీసు పెద్దాయన ఒప్పుకోలేదు. ముఖం చూస్తేనే జాలిపడి మళ్లీ ఆడతారట.”

“మళ్లీ ఆడితే మళ్లీ నా చేతుల్లోనే పోతాడు కదరా!”

కురమోచి మెడ గోక్కున్నాడు. ఆవిడ మీటల పెట్టె పక్కన పెట్టింది. పోయినేడు చనిపోయిన భర్త ముఖం మీద కప్పినట్టే, తెల్ల గుడ్డ మడత విప్పి టీవీ తెర మీద కప్పి, చేతులు జోడించింది. అతనూ జోడించాడు. గుడ్డ వెనక పాట మాత్రం, ఎవరైనా మీట నొక్కకపోతారా అన్నట్టు, తిరుగుతూనే ఉంది.