ఈ వారం ఏ డిపార్ట్‌మెంట్ కోసం ప్రార్థన?

నా చిన్నప్పుడు అంటే మరీ గౌన్లు వేసుకున్న వయసు కాదు. న్యూజెర్సీలో కాలేజీ చదువుతూ, మెడికల్ స్కూల్‌కి అప్లై చేయబోయే ముందటి వేసవి. ఎనభైల మొదట్లో మాట. డాక్టర్ల వెనకాలే తిరిగి వాళ్ళ పని చూడడాన్ని ఇక్కడ షాడోయింగ్ అంటారు. ఏ డిపార్ట్‌మెంట్ చూడాలో తేల్చుకోలేక నేను కాలుకాలిన పిల్లిలా తిరిగేదాన్ని.

మా తెలుగు చర్చి ఆదివారం మధ్యాహ్నాలు ఓ అమెరికన్ చర్చి హాల్లో జరిగేది. ప్రార్థన మనవులు చెప్పమన్నప్పుడు మా నాన్న లేచి, మా అమ్మాయి గుండె డాక్టర్ కావాలని ప్రార్థించండి అన్నారు. అందరూ చేశారు. తీరా గుండె డాక్టర్ వెంట వారం తిరగ్గానే నాకు విసుగొచ్చింది. మనవి ఎముకల వైద్యానికి మారింది, ఆ తర్వాత పిల్లల వైద్యానికి. పాస్టర్‌ని మేమంతా అయ్యగారు అనేవాళ్ళం. ఆయన ఓ రోజు పులిహోర ప్లేటుతో ఎదురై, "ఏమ్మా, ఈ వారం ఏ డిపార్ట్‌మెంట్ కోసం ప్రార్థన చేయమంటావు?" అన్నారు. హాలంతా ఒకటే నవ్వు. నాకు తల కొట్టేసినట్టయింది. వాళ్ళకి నవ్వులాటే, నాకు లోపల భయం. ఎక్కడా మనసు నిలవనిదాన్ని డాక్టర్‌నెలా అవుతాను? అసలు అప్లై చేయనని ఇంట్లో చెప్పేద్దామనుకున్నాను.

ఆ రోజు నవ్వనిది మా చర్చికే వచ్చే మత్తు డాక్టర్ ఆంటీ ఒక్కరే. ఆపరేషన్‌కి మత్తిచ్చే పనిలో చూడ్డానికేముందిలే అని అప్పటిదాకా ఆవిడ సంగతే నాకు తోచలేదు. "రేపు నాతో రా. నచ్చకపోతే మానేద్దువుగాని," అన్నారు.

మర్నాడు ఆపరేషన్‌కి వచ్చింది ఓ అమెరికన్ పెద్దావిడ. నేను మేలుకునేదాకా ఉంటావా అని ఆంటీని అడిగింది. ఉంటానని చెప్పి, నన్ను చూపించి, ఈ పిల్ల కూడా ఉంటుంది అనేశారు ఆంటీ. నన్నొక మాటైనా అడగలేదు! ఆ పెద్దావిడ నా చేయి పట్టుకుని అలాగే నిద్రలోకి జారిపోయింది.

ఇక చూడాలి నా అవస్థ. ఆంటీ చూపు ఆవిడ ముఖం మీద, వేళ్ళు నాడి మీద. ఆపరేషనంతా అడ్డుతెర అవతల. ఇవతల అంతే, ఇంకేమీ జరగదు. నా కాళ్ళలో చీమలు పాకుతున్నాయి. ఇంతలో ఓ సర్జన్ తొంగిచూసి, పక్క గదిలో గుండె ఆపరేషన్ మొదలవుతోంది, చూస్తావా అన్నాడు. ప్రాణం లేచొచ్చింది.

"వెళ్తే వెళ్ళు. కానీ ఆవిడకి మాటిచ్చాం కదమ్మా," అన్నారు ఆంటీ.

"మీరిచ్చారు, నేనివ్వలేదు."

"ఆవిడ పట్టుకుంది నీ చెయ్యే కదా."

ఒళ్ళు మండింది. తిట్టుకుంటూనే కూర్చున్నాను. కూర్చున్నాక, చేసేదేమీ లేక ఆవిడనే చూశాను. టోపీలోంచి జారిన తెల్లవెంట్రుక. తీయనని మొండికేసిందో ఏమో, వేలి ఉంగరం చుట్టూ టేపు వేసి ఉంది. వేసవంతా ఎన్నో గదులు తిరిగాను గాని, ఒక్క రోగి ముఖమైనా నాకు గుర్తులేదని అప్పుడు తెలిసింది.

ఆపరేషన్ అయ్యాక రికవరీ గదిలో ఆవిడ కళ్ళు తెరిచి, ఆంటీని దాటుకుని నా కోసం వెతికింది. "యూ స్టేడ్," అంది బొంగురుగా. నాకు ఏడుపొచ్చేసింది.

ఆ ఆదివారం అయ్యగారు మళ్ళీ అదే ప్రశ్న వేశారు. "డిపార్ట్‌మెంట్ వద్దండీ. కుదురుగా కూర్చునే ఓపిక ఇమ్మని అడగండి," అన్నాను. ఈసారి ఎవరూ నవ్వలేదు. మా నాన్న ఆమెన్ మాత్రం కాస్త గట్టిగానే వినిపించింది.

ఆ ఓపిక పూర్తిగా వచ్చిందని చెప్పను. నేనూ మత్తు డాక్టర్‌నే అయ్యాను. అరవై దాటిన ఈ వయసులోనూ, నిద్రలోకి జారబోయే మనిషి చేయి పట్టుకుని, నేనిక్కడే ఉంటానని చెబుతాను. చెప్పిన కాసేపటికల్లా కాళ్ళలో ఆ చీమలు మొదలవుతాయి. పాకితే పాకనీ అనుకుని కూర్చుంటాను, వాళ్ళు కళ్ళు తెరిచేదాకా.