తెలుగు గొంతు లేని ఫోన్లలో మా మేడం

మా మేడం చనిపోయారన్న కబురు అందేటప్పటికి నేను ఈపూరు దగ్గర ఓ మిరప చేలో ఉన్నాను. ఆఫీసు నుంచి నాతో పనిచేసే మిత్రుడు ఫోన్ చేశాడు. "మేడం లేరు. డయాలసిస్ చేయించుకుని ఇంటికొచ్చారంట. అట్టా కుర్చీలో కూర్చుని..." అన్నాడు. నేను ఫోన్ చెవి దగ్గర నుంచి దించాను. రెండు సాళ్ళ అవతల ఆ చేను గల పెద్దమ్మ వంగి, తన పాత ఫోన్ని మిరపాకు మీదికి పట్టుకుని ఉంది. ఆ ఫోన్లోంచి మేడం మాట్లాడారు.

"ఇంకాస్త వెనక్కి జరుపమ్మా. జానెడు దూరం ఉండాలి. ఆఁ, ఆడే. ఊపిరి బిగబట్టు... అయిపోయింది, ఇంక వదులు."

పెద్దమ్మ ఊపిరి వదిలింది. నేను వదల్లేకపోయాను.

మీలో చాలామందికి ఆవిడ తెలిసి ఉండకపోవచ్చు. నరసరావుపేటలో ఇంజనీరింగ్ కాలేజీలో మాకు పాఠం చెప్పారు. తర్వాత ఉద్యోగం మానేసి, తన దగ్గర చదువుకున్న మమ్మల్ని కొందరిని కూడగట్టి ఓ చిన్న ఆఫీసు పెట్టారు. మేం తయారుచేసింది మిరప, పత్తి రైతులకు పనికొచ్చే ఓ యాప్. ఆకుని ఫొటో తీస్తే ఏ తెగులో గుర్తుపట్టి పైకి చెబుతుంది. వాన వచ్చే సూచన ఉంటే ముందుగా హెచ్చరిస్తుంది. చదువు రానివాళ్ళకీ అందాలి కాబట్టి రాత కంటే మాటే ముఖ్యం అనేవారు మేడం.

ఆవిడ సొంతూరు గురజాల వైపు. ఆదివారం చర్చిలో పాటెత్తుకుంటే వెనక బెంచీల దాకా ఖంగుమని వినిపించే గొంతు. మగపిల్లల్ని "ఒరేయ్ నాన్నా" అనీ, నన్ను "ఏమే" అనీ పిలిచేవారు. ఎప్పుడూ బుగ్గన ఓ లవంగం ఉండేది. ఇంకో అలవాటు ఎదుటివాళ్ళ ఫోన్ అడిగి తీసుకోవడం. గ్యాస్ బండ తెచ్చినాయన్నీ వదల్లేదు, పెళ్ళిలో పక్కన కూర్చున్న ముక్కూమొహం తెలియని పెద్దాయన్నీ వదల్లేదు. "మీ ఫోన్ ఒకసారి ఇస్తారా? ఏం చెయ్యన్లెండి, చూసి ఇచ్చేస్తా" అనేవారు. మా యాప్ వేసి, అది ఆ ఫోన్లో ఎక్కడ తడబడుతుందో చూసి, తీసేసి తిరిగిచ్చేవారు. ఇచ్చేముందు చీరచెంగుతో అద్దం తుడిచేవారు.

మొదట్లో మా పద్ధతి వేరు. ఫలానా మోడల్ అయితే కెమెరా మంచిది, ఫలానా మోడల్ అయితే మెమరీ తక్కువ అని మోడళ్ళ పేర్లన్నీ ఓ జాబితా రాసుకుని, యాప్ తెరవగానే ఫోన్ పేరు కనుక్కుని దాన్నిబట్టి నడిపించేవాళ్ళం. ఆ పద్ధతిని పాడెక్కించింది ఈ ఈపూరు పెద్దమ్మే.

ఆవిడ ఎన్ని ఫొటోలు తీసినా యాప్ "ఫొటో సరిగా రాలేదు" అంటోందని కబురొచ్చింది. ఆ ఫోన్ మా జాబితాలో మంచి కెమెరా ఉన్న మోడల్. కారణం తెలియక మేడం, నేను బస్సెక్కి వెళ్ళాం. పెద్దమ్మ మమ్మల్ని చూడగానే చేతులు చీరకు తుడుచుకుంది.

"మీ దాంట్లో తప్పేం లేదమ్మా. నా చేతులే వణుకుతన్నయ్. పెద్దదాన్నయ్యా గదా. మా కోడలు పుట్టింటికాణ్ణించి రాంగానే తీయిస్తాలే" అంది.

మేడం ఫోన్ తీసుకుని గట్టు మీద రాళ్ళు పేర్చి, కదలకుండా వాటిమీద పెట్టి, తనే ఫొటో తీశారు. అదీ మసకే. ఇంకో రెండు తీశారు. అన్నీ మసకే.

"ఈ ఫోన్ ఎప్పుడన్నా బాగు చేయించావా పెద్దమ్మా?"

"కాలవలో పడిందమ్మా. బజారులో ఇస్తే ఏందో మార్చాడు."

మార్చింది కెమెరా. దగ్గరి వస్తువుని చూడలేని రకం ఏదో తెచ్చి పెట్టారు. ఫోన్ పేరు అదే, కన్ను మాత్రం మరొకరిది. మేడం ఆవిడ రెండు చేతులూ పట్టుకుని, "నీ చేతులకేం కాలా. ఫోన్‌దే తప్పు. మాది ఇంకా తప్పు" అన్నారు. తిరిగొచ్చేటప్పుడు బస్సులో కిటికీలోంచి చూస్తూ, "ఎన్నాళ్ళ నుంచి తిట్టుకుంటందో ఆ చేతుల్ని" అన్నారు.

మర్నాడు జాబితా మొత్తం తీయించేశారు. "ఫోన్‌ని నీ పేరేంది అని అడగొద్దు. నీకేం చేతనవుద్ది అని అడగండి. చేతనవుద్దని చెప్పినా అట్టానే నమ్మొద్దు, ఒకసారి చేయించి చూడండి" అన్నారు. అప్పట్నించి మా యాప్ ఏ ఫోన్లోకి వెళ్ళినా ముందు ప్రశ్నలు వేస్తుంది. దగ్గరి ఆకు కనిపిస్తుందా? మెమరీ ఎంత? ఫ్లాష్ వెలుగుతుందా? తర్వాత ఓ ఫొటో తీయించి, స్పష్టంగా వచ్చిందో లేదో తనే చూసుకుంటుంది. దగ్గరివి కనిపించని ఫోన్ అయితే జానెడు దూరం జరపమంటుంది, మిగతా పని మేం చూసుకుంటాం. ఓ రోజు మా మిత్రుడు స్క్రీన్ మీద "లేదు, లేదు" అని జవాబులు పడుతుంటే విసుక్కున్నాడు. మేడం వెనకనుంచి వచ్చి, "లేదు అనేది కూడా జవాబేరా నాన్నా. లేనోళ్ళకి ఏం పెట్టాలో ఆలోచించు" అన్నారు.

అలా అడిగిన ప్రశ్నల్లో ఒకటి, తెలుగులో చదివి వినిపించే గొంతు ఫోన్లో ఉందా అని. కొత్త ఫోన్లలో ఉంటుంది. పాతవాటిలో చాలావాటికి లేదు. కొన్ని నోరు విప్పేవి కావు, కొన్ని తెలుగుని ఇంగ్లీషు నోటితో నమిలి ఊసేవి. అప్పుడు మేడం, "సరే, నేనే చెబుతా" అన్నారు. యాప్ పలకాల్సిన ప్రతి మాటా తన గొంతుతో రికార్డు చేశారు. ఫోన్ "లేదు" అని జవాబిస్తే మేడం మాట్లాడతారు.

రికార్డింగ్ వాళ్ళ ఇంట్లోనే. వెనక గదిలో బీరువా తలుపులు తెరిచి, మాట మారుమోగకుండా బట్టల మధ్య ఫోన్ పెట్టుకుని చెప్పేవారు. సార్, అంటే మేడం భర్త, హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరైనాయన. కూరగాయల బండి రాకుండా గేటు దగ్గర నిలబడటం ఆయన పని. నిలబడే తప్పులు దిద్దేవారు.

"‘చెబుద్ది’ ఏమిటి? ‘చెబుతుంది’ అను."

"మీ తెలుగు మీ పరీక్ష పేపర్లో రాసుకోండి. చేలో ఉన్నామెకి చెబుతున్నా నేను" అనేవారు మేడం లోపల్నించి.

తర్వాత ఆవిడకు కిడ్నీలు పాడయ్యాయి. డయాలసిస్ మొదలైంది, నీళ్ళు కూడా కొలిచి తాగాలన్నారు. కొత్త పురుగు వచ్చినప్పుడల్లా కొత్త మాటలు కావాలి కదా. తన వల్ల కాదని ఎప్పుడూ అనలేదు. వద్దన్నా వినకుండా, ఓపిక ఉన్న రోజు చూసుకుని చెప్పేవారు. అందుకని మా యాప్‌లో సగం మాటలు జబ్బుకి ముందువి, సగం తర్వాతవి. "ఊపిరి బిగబట్టు" అని ఖంగుమనే మనిషే, మరుక్షణం "ఇది తామర పురుగమ్మా" అని ఆయాసంతో అంటుంది. ఆవిడ బతికున్నన్నాళ్ళూ నాకు ఆ తేడా పట్టలేదు. ఇప్పుడు ఒక్క ఫొటో తీసేలోపు మనిషి ఆరోగ్యంగా ఉండటం, జబ్బుపడటం రెండూ వినిపిస్తున్నాయి.

ఆవిడ పోయిన వారం నుంచే ఆఫీసుకి ఫోన్లు మొదలయ్యాయి. ముప్పాళ్ళ నుంచి ఒకాయన, "మేడం గారు పోయారంటగా? మరి మా ఫోన్లో మాట్టాడతన్నారేంది?" అని అడిగాడు. వివరించి చెబితే, "తెలుసులేమ్మా. కానీ పొద్దున్నే ఒక్కణ్ణే చేలో ఉన్నప్పుడు వినపడితే గుండె గుబుక్కుమంటంది" అన్నాడు. ఇంకొకావిడ ఫోన్ చేసి, ఆ గొంతు మాత్రం తీసెయ్యొద్దని ఏడ్చింది. ఆఫీసులో మాలో మాకే కుదరలేదు. ఉంచితే భయపడేవాళ్ళు ఉన్నారు. తీసేస్తే ఆ ఫోన్లు మూగవైపోతాయి. ఇంకెవరిచేతైనా చెప్పిద్దామని మిత్రుడన్నాడు. అలా అన్నవాడే తలొంచుకున్నాడు.

నా సంగతి చెప్పాలంటే, నాకు స్క్రీన్ చూడటమే కష్టంగా ఉంది. ఏ ఫోన్ ఏం జవాబిచ్చిందో మాకు కనిపిస్తూ ఉంటుంది, ఎవరిదన్నది తెలియకపోయినా. తెలుగు గొంతు ఉందా? ఉంది. ఉంది. లేదు. ఆ "లేదు" పడినప్పుడల్లా, ఎక్కడో ఓ చేలో ఆ క్షణాన మేడం మాట్లాడుతున్నారన్నమాట. పని మానేసి వాటికోసమే చూస్తూ కూర్చుంటున్నాను. జనం కొత్త ఫోన్లు కొనుక్కుంటున్నారు. "లేదు"లు తగ్గిపోతున్నాయి. అది మంచిదే కదా అని నాకు నేను చెప్పుకుంటాను.

చివరికి సార్‌నే అడుగుదామని వెళ్ళాను. ఆయన వసారాలో కూర్చుని ఉన్నారు. నేను విషయం ఎత్తేలోపే తన ఫోన్ నా చేతికిచ్చారు.

"నా ఫోన్లో ఆమె మాట్లాడదేమ్మా? ఎవరో ఆడమనిషి, యంత్రంలాగా చదువుతోంది."

అది కూతురు కొనిచ్చిన కొత్త ఫోన్. తెలుగు గొంతు ఉందా అంటే ఉందని చెబుతుంది. అందుకని మేడం రారు. ఆ మాట ఆయనకెలా చెప్పాలో తెలియక, "మీ ఫోన్ మోడల్ రాసిపెడితే సరిపోతుంది సార్. ఈ మోడల్ అయితే మేడం గొంతే రావాలని మార్చేస్తాను. చిన్న పని" అన్నాను.

"అంటే పేరు చూసి చేస్తావా?"

నేను ఆయన ఫోన్ తిరిగిచ్చేశాను.

"ఆమెకి నచ్చదు కదమ్మా అది" అన్నారాయన మెల్లగా.

పోనీ రికార్డింగులన్నీ కాపీ చేసి ఇస్తానన్నాను. తల అడ్డంగా ఊపారు. "నా దగ్గరా ఉన్నాయి. పెట్టుకుని కూర్చుంటే వినలేకపోతున్నాను. అవి నాకు చెప్పిన మాటలు కావు. ఎవరికి చెప్పిందో వాళ్ళ దగ్గర వినాలని ఉంది. తీసుకెళతావా?"

ఈ మధ్యనే, కాయ కోసి కళ్ళాల్లో ఆరబోసుకున్న రోజుల్లో ఈపూరు తీసుకెళ్ళాను. పెద్దమ్మ కళ్ళం నిండా ఎర్రటి కాయలు పరిచి ఉన్నాయి. ఆడవాళ్ళు వరసగా కూర్చుని రంగు పోయిన తాలుకాయలు ఏరుతున్నారు. బాగా వినపడుతుందని పెద్దమ్మ తన ఫోన్ని ఖాళీ చెంబులో నిలబెట్టింది. సార్ ఎవరో చెప్పగానే లేచి నిలబడింది.

"మేడం గారి మనిషివా అయ్యా? ఆమె మాతో మాట్టాడతానే ఉందిగా" అంది. ఓదార్చడానికి అన్నట్టు లేదు. ఉన్న మాట చెప్పినట్టే ఉంది. ఆయన ఇస్త్రీ చొక్కాతోనే వాళ్ళ పక్కన కూలబడ్డారు. ఘాటుకి దగ్గొస్తే మంచినీళ్ళిచ్చారు.

మధ్యాహ్నం దాటాక చెంబులోంచి మాట వచ్చింది.

"వాన వస్తంది. కళ్ళంలో కాయలుంటే పట్టాలు కప్పుకోండి. ముందు కాయలు... తర్వాతే మిగతాయి. మీరు తడిసినా ఆరతారు."

ఆయాసపు గొంతు. ఆడవాళ్ళందరూ ఒక్కసారిగా లేచారు. టార్పాలిన్ పట్టాలు లాగుతుంటే సార్ కూడా ఓ కొస పట్టుకున్నారు. నేను ఆయన పక్కనే ఉన్నాను. ముఖం పాలిపోయింది, చేతులు మాత్రం పట్టా వదల్లేదు.

"‘ముందు కాయలు’ అని ఆగింది విన్నావా?" అన్నారు. "అక్కడ మంచినీళ్ళడిగింది. కొలిచి తాగాల్సిన మనిషి కదా. ఒక్క గుక్కే ఇచ్చాను. ఇంకాస్త ఇవ్వండి అంది. ఇవ్వలేదమ్మా నేను."

చుట్టూ రాళ్ళు పెట్టడం అయ్యేసరికి నాలుగు చినుకులు పడ్డాయి. గాలి కొట్టింది. మబ్బు మా మీదుగా కదిలి వినుకొండ కొండ వైపు వెళ్ళిపోయింది. ఎండ వచ్చింది. ఆడవాళ్ళు నవ్వుకుంటూ పట్టాలు మళ్ళీ తీయడం మొదలుపెట్టారు.

సార్ చెంబు దగ్గరికి వెళ్ళి వంగి చూశారు. "అమ్మా, ఇందాకటిది ఇంకోసారి వినిపిస్తావా?" అని పెద్దమ్మని అడిగారు.

"అది మనం అడిగితే చెప్పదయ్యా" అంది పెద్దమ్మ. "మబ్బు పడితేనే చెబుద్ది."

ఆయన సరేనన్నట్టు తలూపారు. కళ్ళం అంచుకు నడిచి, ప్యాంటుకి మిరపగింజలు అంటుకుని ఉండగా, ఆకాశంలోకి చూస్తూ నిలబడ్డారు. ఎక్కడా మబ్బు తునక లేదు. బస్సు వేళవుతోందని తెలిసీ నేను పిలవలేదు.