చౌక టికెట్టు, వెండి కార్డు

షాద్‌నగర్‌లో నేత యంత్రాలు తయారుచేసే ఫ్యాక్టరీలో నాది సర్వీసు పని. ఏ రాష్ట్రంలో యంత్రం మొరాయిస్తే అక్కడికి పరుగెత్తాలి. చేతిమగ్గం మీద బతికిన ఇంట్లో పుట్టి, ఆ మగ్గం పొట్టకొట్టిన యంత్రాలకు నూనె పోస్తున్నావా అని నల్లగొండ దిక్కు మా ఊళ్లో ఎక్కిరిస్తారు. ఎక్కిరించనీ. నా ఇంటి కిరాయి వాళ్లేం కట్టరు.

మా ఆఫీసు కొనేది ఎప్పుడూ అన్నింటికన్నా చౌక విమానం టికెట్టు. నడుమ సీటు, దారిలో ఎక్కడో దిగి గంటలకొద్దీ కూర్చోవడం, అదీ నా ప్రయాణం. తిరిగినందుకు విమాన కంపెనీవాళ్లు పాయింట్లు వేస్తారు, అవి నిండితే ఊరికే టికెట్టిస్తారు. వినడానికి బాగానే ఉంటుంది. చౌక టికెట్టు మీద పడే పాయింట్లు మాత్రం చిటికెడు. కొన్నాళ్లు తిరిగాక వెండి కార్డు ఇచ్చారు. అది చేతిలో ఉంటే అదే చౌక టికెట్టుకు ఒకటికి ఒకటిన్నర. నిజంగా సంబరపడ్డాను. తిరకాసు తర్వాత తెలిసింది. ఏడాదిలో తిరగవలసినంత తిరగకపోతే కార్డు గుంజుకుంటారు, మళ్లీ అడుగు నుంచి మొదలు. పాత పాయింట్లకు గడువు, అవి ఓ పక్క రాలిపోతుంటాయి. ఓటికుండలో నీళ్లు పోసినట్టే.

కార్డు వచ్చిన రోజే నోరు జారాను. "ఇగ మీ అమ్మ దగ్గరికి ఇద్దరం విమానంలనే పోదాం" అన్నాను నా భార్యతో. ఆమె తల్లి, మా అత్త, సూరత్‌లో కొడుకు దగ్గర ఉండేది. మగ్గాలు మూలబడ్డాక మావాళ్లు ఎంతోమంది అక్కడి పవర్‌లూముల్లోకే పోయారు. అందాకా నా భార్య రెండేళ్లకోసారి రైల్లో పోయి తల్లిని చూసొచ్చేది. నా మాట తల్లికి ఫోన్లో చెప్పింది. తల్లి గల్లీ అంతా చాటింది, "నా బిడ్డ విమానంల వస్తది" అని. అంతే, ఇద్దరం ఇరుక్కుపోయాం.

"ఈసారికి రైల్ల పొయ్యి రారాదు?" అంటే మండిపడేది.

"రైలు దిగితే మా అమ్మ మొఖం ఏడ వెట్టుకుంటది? నిండనియ్యి నీ పాయింట్లు."

"పోనీ, పైసలు వెట్టి కొంట."

"ఇన్నేండ్లు తిరిగి ఇప్పుడు కొంటవా? మగ్గం మీద పడుగుండంగ నడుమ కోస్తరా ఎవలన్న?"

మా ఇళ్లలో అది పెద్ద పట్టింపు. ఒక పడుగు మగ్గానికి ఎక్కిందంటే దాని మీద రావలసిన చీరలన్నీ దిగేదాకా కొయ్యరు. ఎంత అవసరమొచ్చినా సరే, నడుమ కోస్తే చేసిన చాకిరీ అంతా దండుగ. మగ్గం ఎప్పుడో దిగాం గాని ఆ పట్టింపు మా ఒంట్లోంచి దిగలేదు. నాకూ ఆమె మాటే నిజమనిపించింది. ఇంకెంత, కొంచెమే కదా!

మా మేనేజరు ఇది పసిగట్టాడు. ఎవరూ పోనన్న ఊరికల్లా నన్నే తోలేవాడు. "నీకేందయ్యా, కార్డున్నది. జర పోయిరా" అనేవాడు. నా నడుం పట్టేసి, ఇక్కడే కూర్చుని చేసే పని ఇస్తామన్నప్పుడు కూడా నేనే వద్దన్నాను. కూర్చుంటే కార్డు పోతుంది, కార్డు పోతే పాయింట్లు రావు, పాయింట్లు రాకపోతే సూరత్ లేదు. తీరా దగ్గరపడ్డాననుకునేసరికి టికెట్టుకు కావలసిన పాయింట్లు పెంచేశారు. ఒళ్లు మండి ఫోన్ చేస్తే, ఎవరో అమ్మాయి తేనె పూసిన గొంతుతో, మీ హోదాను మేమెంతో గౌరవిస్తామండీ అంది. నా హోదా మండ! విమానాశ్రయంలో బ్యాగు తలకింద పెట్టుకుని నేల మీద పడుకునేవాడికి హోదా ఏమిటి?

అత్త ఫోన్ చేసినప్పుడల్లా అడిగేది, "ఎప్పుడొస్తున్రు బిడ్డా?" అని. "నిండుతున్నయమ్మా, ఇగ వస్తం" అనేది నా భార్య.

ఒకనాడు పొద్దున బామ్మర్ది ఫోన్ చేశాడు. "బావా, అమ్మ పోయింది. అక్కను జల్ది తోల్కరా."

పాయింట్లు ఇంకా నిండలేదు, నిండినా వాటి మీద ఇచ్చే సీట్లు ఆ రోజుకు లేవు. రైలెక్కితే చివరిచూపు దక్కదు. అడిగినంత కట్టి రెండు టికెట్లు కొన్నాను. నా భార్య విమానం ఎక్కడం అదే మొదలు. కిటికీ పక్కన కూర్చోబెట్టాను. "మూసెయ్యి దాన్ని" అని, కొంగు నోట్లో కుక్కుకుని దారంతా ఏడ్చింది. నాకు ఆమె చెయ్యి పట్టుకునే ధైర్యం కూడా లేకపోయింది. గల్లీలో అడుగు పెట్టగానే ఆడవాళ్లు ఆమెను కావలించుకుని, "విమానంలనే వచ్చినవా బిడ్డా, మీ అమ్మ చెప్పుకుంట చెప్పుకుంట పాయె" అని శోకాలు పెట్టారు.

మూడోనాడు పిట్టకు పెట్టాం. పోయినవాళ్లకు ఇష్టమైనవి వండి విస్తరిలో పెట్టి, కాకి వచ్చి ముట్టేదాకా దూరంగా నిలబడతాం. ముట్టకపోతే వాళ్లకేదో కోరిక మిగిలిపోయిందంటారు. కాకులు గోడ మీద వాలాయి గాని కిందికి దిగడం లేదు. అప్పుడు నా జేబులో ఫోను మోగింది.

తీసి చూశాను, విమాన కంపెనీ మెసేజి. ఇన్నేళ్ల చౌక టికెట్లు చేయలేనిది ఆ ఒక్క ఖరీదైన టికెట్టు చేసింది. శుభాకాంక్షలట.

"ఏందది?" అన్నది నా భార్య.

అబద్ధం చెబుదామంటే నోరు రాలేదు. "కార్డు... బంగారు కార్డయిందట. పాయింట్లు నిండినయట."

ఆమె విస్తరి మీంచి చూపు తిప్పలేదు.

"నిండినయా?" అన్నది. "మరి ఇప్పుడెవలింటికి పోదాం?"